అపార్ట్‌మెంట్‌ల దొంగచూపుల సినిమాలు, మంచియి ఏమన్న ఉన్నయా?

మూడో_అంతస్తు
నిన్న రాత్రి స్లివర్ మళ్ల పెట్టుకొని చూసిన. 1993 సినిమా, షరాన్ స్టోన్, విలియం బాల్డ్విన్. నేను ఇంటర్‌ల ఉన్నప్పుడు మా దోస్తుగాని ఇంట్ల వీసీపీ మీద సగం చూసినం, గప్పుడే వాళ్ల నాయిన డ్యూటీ కెళ్లి జల్ది వచ్చిండు, మావోడు క్యాసెట్ గుంజి లుంగీల దాచిండు, ఇగ మిగిలిన సగం చూసుడు ఇన్నేండ్లకు నిన్న అయ్యింది. చూసినంక అనిపిచ్చింది గా నాయిన వచ్చి మంచిపనే చేసిండని. మొదటి సగం మస్తుంటది. న్యూయార్క్‌ల సన్నగ పొడుగ్గ ఒక బిల్డింగు, ఓనరు పోరడు ఎవలకు తెల్వకుండ ఫ్లాట్లల్ల కెమెరాలు పెట్టి ఒక రూమ్‌ల గోడ నిండ టీవీలు పెట్టుకొని కూసుంటడు, ఒకింట్ల కొట్లాట, ఒకింట్ల ఏడుపు, ఒకింట్ల ఇంకోటి. గా గోడ చూస్తుంటె కండ్లు తిప్పబుద్ధి కాదు. తర్వాత హంతకుడెవడు హంతకుడెవడు అని కథ ఎటో పోయింది.

నాకు గిసొంటివే కావాలె. అపార్ట్‌మెంటు, కిటికీ, కెమెరా, దొంగచూపు. జర ఘాటు ఉన్నా పర్వాలేదు, కని ఊకె ఘాటే ఉంటె వద్దు. ఎందుకడుగుతున్ననంటే హన్మకొండల మా అపార్ట్‌మెంటుకు గూడ రెండు నెలల కింద 16 కెమెరాలు పెట్టిండ్రు, గందుకే గావచ్చు ఈసారి సినిమా వేరే తీర్గ ఎక్కింది.

నైట్‌షో_నర్సన్న
30 ఏండ్ల ఇంటర్వెల్. సమోసా సల్లగైపోయి ఉంటది అన్నా

పాతక్యాసెట్
అన్నా సెకండాఫ్ ఎటో పోయిందన్నవు కదా, దానికి కథ ఉన్నది. అది ఐరా లెవిన్ 1991ల రాసిన నవల. రోజ్‌మేరీస్ బేబీ రాసినాయనే, దాంట్ల గూడ బిల్డింగే విలన్ లెక్క, పక్క ఫ్లాటోళ్లే అన్నీ చేస్తరు. స్లివర్ నవలల హంతకుడు ఓనరు పోరడే. సూటిగ ఉంటది, చూసేటోడే చంపేటోడు. సినిమాకు గూడ మొదలు అట్లనే తీసిండ్రు. ఆఖర్ల హీరో హీరోయిన్ హెలికాప్టర్‌ల అగ్నిపర్వతం మీదికి పోవుడు, ఆయన తప్పు ఒప్పుకునుడు. ముందుగాల కొందరికి ఏసి చూపిస్తే వాళ్లకు నచ్చలే, మళ్ల షూటింగ్ చేసి హత్యలన్నీ పక్క ఫ్లాట్‌ల ఉండే రచయిత మీద ఏసిండ్రు, టామ్ బెరెంజర్ చేసిన పాత్ర. అందుకే నీకు కుట్లు కనవడ్డయి. ఇంకోటి, గా అగ్నిపర్వతం షాట్లు తియ్యనీకి హవాయి పోయిన హెలికాప్టర్ నిజంగనే అగ్నిపర్వతం నోట్ల కూలింది. ముగ్గురు మనుషులు, ముగ్గురూ బతికి బయటికి వచ్చిండ్రు. అంత కష్టపడి తీసిన ముక్క సినిమాల లేకనే పాయె.

నైట్‌షో_నర్సన్న
సినిమా కంటె గిదే మంచిగున్నది

నిట్_హాస్టల్_బ్రో
స్లివర్ అంటే పేలిక, సన్న ముక్క అని కదా. అలాంటి ఇరుకు స్థలంలో కట్టే పొడుగు బిల్డింగులని న్యూయార్క్‌లో స్లివర్ బిల్డింగ్స్ అంటారు. నేనేదో శృంగారానికి సంబంధించిన మాట అనుకున్నా ఇన్నాళ్లూ

పాతక్యాసెట్
లిస్టు అడిగినవు కాబట్టి. ముందుగాల అందరికి తాత రియర్ విండో, 1954, హిచ్‌కాక్. కాలు ఇరిగి పట్టీ ఏసుకొని ఇంట్ల పడ్డ ఫొటోగ్రాఫర్ ఎదురు బిల్డింగు కిటికీలు చూస్తుంటడు. మొత్తం సెట్టే, పారమౌంట్ స్టూడియోల 31 ఫ్లాట్లు కట్టిండ్రు. తర్వాత బాడీ డబుల్, 1984, బ్రయాన్ డి పాల్మా, గిది నువ్వు అడిగిన ఘాటు ఉన్నది. దుర్బీను పెట్టి ఎదురింటామె డాన్సు చూసెటోనికి తెల్వదు తననే ఎవడో సాక్షిగ వాడుకుంటుండని. చూసెటోడే బకరా అన్నట్టు. ఇంకోటి పీపింగ్ టామ్, 1960, గది అపార్ట్‌మెంటు కాదు గని అద్దెకిచ్చే ఇల్లు, కెమెరాతోనే చంపుతడు. మైఖేల్ పావెల్ అంటే గప్పటికి ఇంగ్లండ్‌ల పెద్ద దర్శకుడు, గీ సినిమాతోని పత్రికలు తిట్టిన తిట్టుకు ఆయన కెరీరే దెబ్బతిన్నది. అదే ఏడు సైకో వచ్చింది, దానికేమో జనం క్యూ కట్టిండ్రు.

సర్వపిండి
పీపింగ్ టామ్‌ల ఒకటి మర్చిపోయినవు. అందుల పిల్లగాన్ని భయపెట్టి కెమెరాతోని తీసే నాయిన ఉంటడు కదా, గా నాయిన వేషం పావెల్‌దే, పిల్లగాడు ఆయన కొడుకే. నాకు గది తెలిసినంక సినిమా మళ్ల చూడబుద్ధి కాలే.

మూడో_అంతస్తు
@పాతక్యాసెట్ థ్యాంక్సే. రియర్ విండో చూసిన పాతకాలంల, నిద్రపోయిన మధ్యల 🙈

పాతక్యాసెట్
నిద్రపోయినవా. నీకు కెమెరాలు పెట్టుడే కరెక్టు.

మళ్ల చూడు. ఒక్క సీను కోసం చూడు. పై అంతస్తుల ఒక జంట ఎండాకాలం ఉక్కకు ఇంట్ల పండుకోలేక బయట ఇనుప మెట్ల మీద పరుపు ఏసుకొని పంటరు, మనం దాబా మీద పండుకున్నట్టు. వాళ్ల కుక్క పిల్లను ఎవడో చంపుతడు. గా ఆడామె మీదికెళ్లి అరుస్తది, ఇరుగుపొరుగంటే ఒగలనొగలు పట్టించుకోవాలె కదా, మీల ఒక్కలన్న ఉన్నరా అన్నట్టు. బిల్డింగు మొత్తం కిటికీల దగ్గరికి వస్తది. ఒక్క కిటికీ మాత్రం చీకటిగుంటది, లోపల సిగరెట్ నిప్పు ఎర్రగ ఎలుగుతది, ఆరుతది. మల్ల ఎలుగుతది. డైలాగు లేదు. హంతకుడెవడో హీరోకు ఇగ డౌటు లేకుండ అయిపోతది.

సింగరేణి_సెకండ్‌షిఫ్ట్
మా గోదావరిఖని క్వార్టర్లల్ల గీ సినిమాలన్నీ ఎప్పుడో తీసిండ్రు, కెమెరా లేకుండనే. ఒక లైన్ల పది ఇండ్లు, ఎదురుంగ పది. ఎవలింట్ల ఏం కూర, ఎవలు ఏ షిఫ్టు, ఎవలింటికి బంధువులు వచ్చిండ్రు, మా లైన్ల ఒక అత్తకు మొత్తం తెలుసు. రాత్రి డ్యూటీ కెళ్లి వచ్చేసరికి గూడ గడప మీదనే ఉంటుండె. ఏంది బిడ్డా ఇయ్యాల లేటయ్యింది అనేది. ఆమె ఉన్నన్ని రోజులు మా లైన్ల ఒక్క సైకిలు పోలే. 16 కెమెరాలకు పెట్టిన పైసలు అసొంటి అత్తకు జీతమిచ్చినా అయితది.

నైట్‌షో_నర్సన్న
అత్తకు నైట్ విజన్ గూడ ఉన్నట్టుంది

బాలసముద్రం_భాగ్య
అత్తకు కెమెరాకు ఒక తేడా ఉన్నది. అత్త చూస్తుంటె అత్త నాకు కనవడ్తది. ఏందత్తా అట్ల చూస్తున్నవ్ అని అడగొచ్చు. ఎక్కువ చేస్తే లొల్లి పెట్టుకోవచ్చు. మీరు చెప్తున్న సినిమాలల్ల చూసెటోడు కనవడడు, గదే కదా దాంట్ల మజా.

ఒక మాట అంటే ఏమనుకోవద్దు. ఇన్ని సినిమాలు చెప్పిండ్రు గని, అన్నీ చూసెటోని వైపు కెళ్లే. చూడవడే ఆమె వైపు కెళ్లి ఏమన్న ఉన్నయా?

నాది చెప్తా. నయీంనగర్‌ల అద్దెకుండె నాలుగేండ్ల కింద, రెండో అంతస్తు. ఎదురు బిల్డింగుల ఒకాయన పొద్దుందాక బాల్కనీల ఫోన్ పట్టుకొని నిలవడేటోడు. ఫోన్ నా దిక్కే ఉండేది. తీస్తుండా తీస్తలేడా నాకు ఇప్పటికి తెల్వదు. మా ఓనరమ్మకు చెప్తే పరదాలు ఏసుకోరాదమ్మా అన్నది. ఏసుకున్న. బట్టలు లోపలనే ఫ్యాన్ కింద ఆరేసుడు, వానకాలం వాసన. బాల్కనీల పాత కూలరు, ఖాళీ నీళ్ల డబ్బాలు అడ్డంగ పేర్చిన, ఇగ అది స్టోర్ రూమే అయ్యింది. మే నెలల మన దగ్గర ఎండ 44 దాక కొడ్తది కదా, కిటికీ తెరవకుండ రెండు ఎండాకాలాలు తీసిన. బాల్కనీ ఉన్నదని 500 ఎక్కువ కిరాయి కట్టిన గా ఇంటికి. గిదంత సినిమా తీస్తే ఎవలు చూస్తరు, హత్య లేదు, డాన్సు లేదు.

సర్వపిండి
అక్కా 500 దగ్గర నవ్వొచ్చి మళ్ల మస్తు బాధైంది

కరీంనగర్_కంప్యూటర్
అక్కా అన్ని సినిమాలు అంతే అంటే ఒప్పుకోను. సినిమా అంటేనే దొంగచూపు కదా. చీకట్ల కూసొని వేరేటోళ్ల జీవితం చూసుడు. రియర్ విండోల తెర మీది కిటికీలను మనం చూస్తలేమా. గది తప్పు అంటే సినిమానే తప్పనాలె

బాలసముద్రం_భాగ్య
తమ్మీ, సినిమాల యాక్టర్‌కు పైసలిస్తరు, సంతకం పెట్టి చేస్తది. నాకు గా ఎదురింటాయన అడ్వాన్స్ ఇయ్యలే.

నైట్‌షో_నర్సన్న
కంప్యూటర్ హ్యాంగ్

పాతక్యాసెట్
భాగ్యక్క అడిగింది కరెక్టే. రాత్రంత ఆలోచించిన. ఒకటి ఉన్నది, నా లెక్కల వీటన్నింట్ల గదే పెద్దది. ఎ షార్ట్ ఫిల్మ్ అబౌట్ లవ్, 1988, పోలండ్ సినిమా, కీస్లోవ్‌స్కీ. వార్సా‌ల అగ్గిపెట్టెలు పేర్చినట్టు ఉండే పెద్ద పెద్ద బ్లాకులు. 19 ఏండ్ల పోరడు పోస్టాఫీసుల పనిచేస్తడు, దొంగిలిచ్చిన దుర్బీనుతోని ఎదురు బ్లాకుల ఆమెను రోజు చూస్తడు. ఆమె వయసుల పెద్దది, ఇంటికి మగవాళ్లు వచ్చిపోతుంటరు. ఈనె ఏం చేస్తడంటే ఉత్తుత్తి మనియార్డర్ చీటీలు ఆమె డబ్బల ఏస్తడు, గా చీటీ పట్టుకొని ఆమె పోస్టాఫీసుకు వస్తది కదా, కౌంటర్ అద్దంల కెళ్లి దగ్గర నుంచి చూడొచ్చని. పాలు ఏసే పని గూడ పట్టుకుంటడు ఆమె తలుపు దాక పోవొచ్చని. ఒకసారి ఆమె రాత్రి ఇంటికొచ్చి పాలసీసా ఒలికి, టేబుల్ మీద పాలల్ల ఏలు పెట్టి గీతలు గీసుకుంట ఏడుస్తది. ఈనె చూస్తడు.

తర్వాత ఆమెకు తెలుస్తది, మంచిగనే పగ తీర్చుకుంటది, అది నేను చెప్ప. ఆఖర్ల ఆమె వాని రూముకు వస్తది. దుర్బీనుల కండ్లు పెట్టి తన ఇంటినే చూసుకుంటది. గా రాత్రి తను ఏడ్చిన కాడ తననే చూస్తది, పక్కన ఎవలో భుజం మీద చెయ్యేసినట్టు. గంతే. చూడవడే మనిషి వచ్చి దుర్బీను గుంజుకునే సినిమా నాకు తెలిసి గిదొక్కటే. ఇదే కథ టీవీకి డెకలాగ్ అనే సీరీస్‌ల ఆరో భాగంగ గూడ తీసిండు, దాని ఆఖరు వేరే, ఎండిపోయినట్టు ఉంటది.

బాలసముద్రం_భాగ్య
చూస్త. కని ఏడ్చినప్పుడు వాడు ఓదారిస్తే బాగుండు అనుకునుడు గూడ తీసినాయన ఊహనే కదా. నాకైతే గా ఎదురింటాయన ఓదార్పు అక్కర్లేకుండె, లోపలికి పోతే చాలు అనుకున్న.

పాతక్యాసెట్
... సరే అక్కా. దీనికి నా దగ్గర జవాబు లేదు

సర్వపిండి
రెడ్ రోడ్ అని ఉన్నది, 2006, ఆండ్రియా ఆర్నల్డ్. గ్లాస్గోల సీసీటీవీ కంట్రోల్ రూమ్‌ల కూసొని తెరలు చూసే డ్యూటీ ఒకామెది. ఎత్తు బ్లాకుల కాడ ఒకాన్ని గుర్తు పట్టి వాన్ని కెమెరాలల్ల ఎంబడిస్తది. గిండ్ల చూసేది ఆడామె, చూడవడేది మగోడు. ఘాటు సీను ఒకటి ఉన్నది గని చూసినంక ఎవలకు హుషారు రాదు. డైరెక్టర్ ఆడామె అయితే దొంగచూపు గూడ వేరే ఉంటది అనిపిచ్చింది.

నిట్_హాస్టల్_బ్రో
కొత్తది కావాలంటే ది వాయర్స్, 2021. సిడ్నీ స్వీనీ. కొత్త ఫ్లాట్‌లోకి దిగిన జంట, ఎదురు ఫ్లాట్‌కి పరదాల్లేవు. ఎదుటివాళ్ల మాటలు వినడానికి లేజర్ పాయింటర్ వాడతారు, మా ఫిజిక్స్ సార్‌కి చూపించాలనిపించింది. ట్విస్టులు చివర్లో మరీ ఎక్కువ. మా రూమ్‌లో నలుగురం హెడ్‌ఫోన్స్ పంచుకుని చూశాం, మధ్యలో వార్డెన్ వచ్చారు, అన్నయ్య గారి లుంగీ కథే మళ్లీ

కాజీపేట_ప్యాసింజర్
మాటలు వినుడు అంటే ది కన్వర్సేషన్ చెప్పకుండ ఎట్లుంటరు. 1974, కొప్పోలా, కాన్ ఫిల్మ్ ఫెస్టివల్‌ల పెద్ద బహుమతి వచ్చింది. జీన్ హాక్‌మన్ పార్కుల ఒక జంట మాటలు టేపు చేస్తడు, ఒక్క వాక్యాన్ని మళ్ల మళ్ల తిప్పి ఇంటడు. అవకాశం దొరికితే వాడు మనల్ని చంపుతడు. మొదట్ల చంపుతడు అనే మాట మీద బలం ఇంటం, ఆఖర్ల మనల్ని అనే మాట మీద బలం ఉన్నదని తెలుస్తది. గంతే తేడా, అర్థం మొత్తం తిరగవడ్తది. ఆఖరికి తన ఫ్లాట్‌లనే ఎవడో మైకు పెట్టిండని గోడలు, నేల చెక్కలు అన్ని పీకేస్తడు. దొరకదు. గా పీకిన ఇంట్ల కూసొని శాక్సోఫోన్ వాయించుకుంటడు. ఘాటు సున్న, కని జరమొచ్చినట్టు అయితది.

నైట్‌షో_నర్సన్న
మనోళ్ల సినిమాలు ఒక్కటి చెప్తలేరు ఎవలు

కాజీపేట_ప్యాసింజర్
మనోళ్లకు దొంగచూపు థ్రిల్లర్ కాదు, కామెడీ ట్రాకు. హీరో దోస్తులు లేడీస్ హాస్టల్ గోడెక్కి దుర్బీను పెడ్తరు, కమెడియన్ కింద పడ్తడు, మనం నవ్వుతం. అదే షాట్‌కు చీకటి పెట్టి వయొలిన్ ఏస్తే ఇంగ్లీషోళ్ల థ్రిల్లర్ అయితది.

సర్వపిండి
హిందీల లవ్ సెక్స్ ఔర్ ధోకా ఉన్నది, 2010, దిబాకర్ బెనర్జీ. మూడు కథలు, ఒకటి హ్యాండీక్యామ్‌తోని, ఒకటి సూపర్‌మార్కెట్ సీసీటీవీతోని, ఒకటి స్టింగ్ ఆపరేషన్ దాపుడు కెమెరాతోని. సీసీటీవీ కథల రాజ్‌కుమార్ రావు సూపర్‌వైజర్, అప్పుల ఉంటడు, కౌంటర్ పిల్లతోని వీడియో తీసి అమ్ముదాం అనుకుంటడు. మనకు మెల్లగ గా పిల్ల మీద ఇష్టం, వాని మీద గూడ ఇష్టం కలుగుతది, గదే పాపం. చూసినంక మాల్‌కు పోతే ముందుగాల పైకి చూస్త ఇప్పటికి.

కెమెరా_బిగించేటోడు
నేను వరంగల్, కాజీపేట మొత్తం కెమెరాలు బిగిస్త, 11 ఏండ్ల సంది. సినిమాల తీర్గ గోడ నిండ టీవీలు ఎవలు పెట్టరు, వాచ్‌మన్ రూమ్‌ల ఒక్క మానిటరు, 16 ముక్కలు. ఇగ అందరి ఫోన్లల్ల యాప్. అసలు లొల్లి యాప్ తోనే. ఒక క్యూఆర్ స్కాన్ చేస్తే చాలు, సెక్రటరీ ఫోన్ల, వాళ్ల బామ్మర్ది ఫోన్ల, అమెరికాల ఉన్న కొడుకు ఫోన్ల. ఎంతమందికి పోయిందో ఎవలకు తెల్వది. పాస్‌వర్డ్ మార్చండి సార్ అంటే మార్చరు, మర్చిపోతం అంటరు, డబ్బ మీద మార్కర్‌తోని రాసి పెట్టుకుంటరు.

బిగించేటప్పుడు అడిగే కోరికలు ఇంటే మీరే సినిమా తీస్తరు. ఒకాయన, పార్కింగ్ కోసం అని పిలిచి, జర ఎడమకు జర ఎడమకు అని పక్కింటోళ్ల గేటు దాక తిప్పిచ్చిండు. మరి గిది పార్కింగ్ కాదు గదా సార్ అంటే, నీకు పైసలు నేనిస్తున్ననా వాళ్లిస్తున్నరా అన్నడు. బిగించిన. అబద్ధం ఎందుకు.

తెల్వనోళ్లకు ఒక ముచ్చట. సెట్టింగులల్ల ప్రైవసీ మాస్క్ అని ఉంటది. పక్కింటి కిటికీ ఫ్రేముల వస్తుంటే గా ముక్క మీద నల్ల డబ్బ గీస్తే రికార్డింగుల గూడ నల్లగనే ఉంటది. రెండు నిమిషాల పని. 11 ఏండ్లల్ల నన్ను గది చెయ్యమని అడిగినోళ్లు ఇద్దరు.

మూడో_అంతస్తు
తమ్మీ మా దాంట్ల ఎన్ని రోజులు ఉంటది రికార్డింగ్? 2 టీబీ డిస్క్ అన్నరు

కెమెరా_బిగించేటోడు
16 కెమెరాలు, 2 మెగాపిక్సెల్, 24 గంటలు అంటే వారం పది రోజులు అన్నా. మనిషి కదిలినప్పుడే రికార్డు అయ్యేటట్టు పెడితే ఇంక ఎక్కువ. తర్వాత పాతదాని మీద కొత్తది ఎక్కుతది. ఎందుకు, ఏమన్న పోయిందా?

మూడో_అంతస్తు
పోలే. మొన్న రాత్రి పదకొండు నలభైకి మా బామ్మర్ది ఊరి కెళ్లి వచ్చిండు, బస్సు లేటయ్యి. పొద్దున అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల మెసేజి, రాత్రి మూడో అంతస్తుకు వచ్చినాయన ఎవరండి, సెక్యూరిటీ కోసం అడుగుతున్నం అని. కింద స్క్రీన్‌షాట్. బామ్మర్ది చెప్పులు చేతుల పట్టుకొని మెట్లెక్కుతుండు, చప్పుడైతే అందరు లేస్తరని పాపం. ఆ ఫొటోల అచ్చం దొంగ లెక్కనే ఉన్నడు. మా ఇంటామె రెండు రోజులు అన్నం సరిగ తినలే.

సింగరేణి_సెకండ్‌షిఫ్ట్
చెప్పిన కదా అత్తే నయం. అత్త అయితే బామ్మర్దికి చాయ్ పోసేది

సుబేదారి_వకీలు
చాలామంది అడిగేదే కాబట్టి చట్టం సంగతి. దొంగచూపు నేరం అని మన దేశంలో వేరే సెక్షన్ వచ్చింది 2013లో, ఐపీసీ 354సీ. ఇప్పుడు 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 77. మొదటిసారి అయితే ఏడాది నుంచి మూడేండ్లు, రెండోసారి మూడు నుంచి ఏడేండ్లు. పాత దాంట్లో 'ఏ పురుషుడైనా' అని ఉండేది, కొత్త దాంట్లో 'ఎవరైనా' అయ్యింది, అంటే చూసేటోళ్లు ఆడవాళ్లయినా నేరమే. కానీ బాధితురాలు మాత్రం స్త్రీ అనే రాసుంది. ఇంకో మెలిక, స్నానం, బట్టలు మార్చుకునుడు, అసొంటి ఏకాంతం అయితేనే ఈ సెక్షన్. భాగ్య గారి బాల్కనీ దీని కిందికి రావడం కష్టం. ఐటీ చట్టంలో 66ఈ గూడ ఉన్నది, మూడేండ్ల దాకా జైలు లేదా రెండు లక్షల దాకా జరిమానా, అది ఆడ మగ అందరికీ, కానీ అదీ ఒంటి ఫొటోల గురించే.

ఇంట్లో కెమెరాల మీద 2025లో కలకత్తా హైకోర్టు ఒకటి చెప్పింది. అన్నదమ్ములు కలిసి ఉండే ఇల్లు, ఒక అన్న ఇంటి లోపలి భాగంలో కెమెరాలు పెట్టిండు, ఇంకొకరు ఒప్పుకోకుండా నివాస భాగంలో పెట్టొద్దు అన్నది కోర్టు. సుప్రీంకోర్టుకు పోతే అక్కడ గూడ అదే నిలబడ్డది. మెట్లు, లిఫ్టు, పార్కింగ్ వేరే లెక్క. మీ బామ్మర్ది మెట్ల మీద దొరికిండు.

నైట్‌షో_నర్సన్న
బామ్మర్ది చెప్పులు ఇప్పి చేతుల పట్టుకునుడు నేరం కాదు అని ఏ సెక్షన్ల ఉన్నది సార్

బాలసముద్రం_భాగ్య
అంటే వకీలు సారు, స్నానం చేస్తుంటె చూస్తే నేరం, రెండేండ్లు కిటికీ మూసుకునేటట్టు చేస్తే నేరం కాదు.

సుబేదారి_వకీలు
నేరం కాదు అనను, రుజువు కష్టం అంటున్న. షీ టీమ్స్‌కు చెప్తే పిలిచి మందలిస్తరు. ఎక్కువ కేసులల్ల అది చాలు.

బాలసముద్రం_భాగ్య
గప్పుడు తెల్వదు. ఇల్లు మారిన.

కెమెరా_బిగించేటోడు
@మూడో_అంతస్తు గా స్క్రీన్‌షాట్ ఎవలు తీసిండ్రో తెలుసుకోవాలంటే రికార్డింగ్ డబ్బ డీవీఆర్‌ల లాగ్ ఉంటది అన్నా. ఫ్లాటుకొక యూజర్ పేరు ఇచ్చిండ్రా, అందరికి ఒక్కటేనా?

మూడో_అంతస్తు
ఫ్లాటుకొకటి. 25 ఫ్లాట్లు 25 పేర్లు.

కెమెరా_బిగించేటోడు
అయితే అడ్మిన్ లాగిన్ చేసి మెయింటెనెన్స్‌ల లాగ్ తియ్యి. ఎవలు ఎప్పుడు లాగిన్ అయిండ్రు, ఏ కెమెరా ఎనకకు తిప్పి చూసిండ్రు అన్ని ఉంటయి. సినిమా కంటె థ్రిల్లింగ్ ఉంటది

కాజీపేట_ప్యాసింజర్
అప్‌డేట్ ఇయ్యాలె అన్నా, మధ్యల ఆపితే మళ్ల 30 ఏండ్లు ఆగలేం

నిట్_హాస్టల్_బ్రో
మూడు రోజులైంది అప్‌డేట్ లేదు

నైట్‌షో_నర్సన్న
బామ్మర్ది మళ్ల వచ్చిండేమో

మూడో_అంతస్తు
ఉన్న. రాద్దామా వద్దా అని ఆగిన.

సెక్రటరీ ఊరికి పోయిండు, ట్రెజరర్ నేనే కాబట్టి అడ్మిన్ పాస్‌వర్డ్ నా దగ్గరుంటది. ఆదివారం మధ్యాహ్నం వాచ్‌మన్‌ను చాయ్ తాగి రమ్మని పంపి కూసున్న. స్క్రీన్‌షాట్ తీసినోళ్లెవలో పట్టుకుందామని కూసున్న, అంత కోపంల ఉన్న. దొరికింది, ఐదో అంతస్తు, సరే. పేరు ఎందుకు.

కని లాగ్‌ల పై నుంచి కింది దాక ఎక్కువసార్లు కనవడ్డ పేరు ఐదో అంతస్తోళ్లది కాదు. మాది. నా ఫోనే. రాత్రి 11, 12, ఒకసారి రెండు గంటలకు. లిఫ్టు కెమెరా, గేటు కెమెరా, పార్కింగు. నాకు యాదికి గూడ లేదు ఇన్నిసార్లు తెరిచిన్నని. నిద్ర పట్టకపోతే ఫోన్ తీస్త, వాట్సాప్ చూస్త, తర్వాత గిది తెరుస్త, గంతే అనుకుంటి. ఎవలిని చెడుగ చూడలే, ఒట్టు. నాలుగో అంతస్తు నర్సమ్మ నైట్ డ్యూటీ కెళ్లి ఎప్పుడొస్తది, లిఫ్టుల అద్దం ముంగట నిలవడి ఆవులించుకుంట జుట్టు ముడి ఇప్పుకుంటది, రెండో అంతస్తు ముసలాయన రాత్రి గేటు కాడికొచ్చి ఊరికె రోడ్డు చూసి లోపలికి పోతడు. గివన్నీ నాకు తెలుసు. ఎట్ల తెలుసు అంటే గిట్ల తెలుసు. ఆమె మొన్న లిఫ్టుల ఎదురైతే నైట్ డ్యూటీలు ఎక్కువైనట్టున్నయమ్మా అన్న. జర ఆగి, మీకెట్ల తెలుసన్నా అన్నది. గప్పుడు నాకు ఏం అనిపియ్యలే.

బాలసముద్రం_భాగ్య
చెప్పినందుకు మెచ్చుకోవాల్నా తిట్టాల్నా తెలుస్తలేదు అన్నా. గా నర్సమ్మ ఇప్పుడు మెట్లెక్కి పోతుండొచ్చు, చూడు. వద్దు, చూడకు.

కరీంనగర్_కంప్యూటర్
అన్నా నువ్వు ఒక్కనివే కాదు, మా దాంట్ల గూడ యాప్ ఉన్నది. ఇది చదివి లేచి పోయి డిలీట్ చేసిన. నిజం చెప్పాలంటే లాగ్ తియ్యాలంటే భయమైంది

పాతక్యాసెట్
రియర్ విండోల గ్రేస్ కెల్లీ హంతకుని ఇంట్ల దొరికిపోతది కదా, ఎదురు కిటికీల ఉన్న హీరోకు ఏలు ఎనకకు పెట్టి ఉంగరం చూపిస్తది. హంతకుడు గా ఏలు చూస్తడు, మెల్లగ తలెత్తి సీదా కెమెరాల కెళ్లి మన దిక్కు చూస్తడు. గప్పటిదాక ఆయన మనల్ని చూడలే. థియేటర్ల ఒక్కసారే అందరు ఎనకకు జరుగుతరు అంటరు, నేను ఇంట్లనే జరిగిన. నువ్వు లాగ్ తీసినప్పుడు గదే అయ్యింటది.

మూడో_అంతస్తు
గదే అయ్యింది.

నిన్న సాయంత్రం టెర్రస్ మీద మీటింగ్ పెట్టినం. యాప్ అందరి ఫోన్లల్లకెళ్లి తీసేసి ఒక్క మానిటరే ఉంచాలె, ఎవలన్న చూడాలంటే ఇద్దరు కలిసి పుస్తకంల సంతకం పెట్టి చూడాలె, టెర్రస్ మీద బట్టలారేసే దిక్కు ఉన్న కెమెరా పీకేయాలె అని నేనే చెప్పిన. లాగ్ సంగతి గూడ చెప్పిన, నా పేరుతోని సహా. కొంచెంసేపు ఎవలు మాట్లాడలే, పక్క బిల్డింగుల కుక్కర్ విజిలు ఇనవడ్డది. తర్వాత చేతులెత్తమంటే 14 ఎత్తిండ్రు. ఎత్తనోళ్లు ఎవలెవలో నేను చూడలే, తల కిందికే పెట్టుకున్న.

సింగరేణి_సెకండ్‌షిఫ్ట్
మంచిపని అన్నా. నర్సమ్మ ఏమన్నది?

మూడో_అంతస్తు
ఆమె మీటింగ్‌కు రాలే. డ్యూటీల ఉన్నదట. ఎవలో చెప్పిండ్రు, నేను చూడలే.

కెమెరా_బిగించేటోడు
పీకిన కెమెరా ఏం చేస్తరు? నాకు సగం ధరకు ఇయ్యిరి

నైట్‌షో_నర్సన్న
అంత మంచిగనే ఉన్నది గని గిన్ని పోస్టులల్ల స్లివర్ ఏ ఓటీటీల ఉన్నదో ఒక్కలు చెప్పలే

మూడో_అంతస్తు
ముందుగాల మీ నాయిన డ్యూటీకి పోయిండా లేదా చూస్కో తమ్మీ